ఎల్లోస్టోన్ గైడ్ బుక్ సొంతంగా వేసుకోవడానికి కేడీపీ ఎలా ఉంది: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేషనల్ పార్క్ మీద గైడ్ బుక్ రాసి సొంతంగా అమ్ముకుందాం అనుకునేవాళ్ళకి మొదటి పుస్తకం వరకు అమెజాన్ వాళ్ళ కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్ కంటే మంచి దారి నాకైతే కనపడలేదు, అందరం కేడీపీ అంటాం కదా అదే. కాకపోతే పేజీల లెక్క రాయడం మొదలుపెట్టే ముందే వేసుకోవాలి, అంతా రాసేశాక వేసుకుంటే పుస్తకాన్ని మళ్ళీ సగానికి నరకాల్సి వస్తుంది. ఈ ముక్క చెప్పడానికే ఇంత రాస్తున్నా, ఎందుకంటే కేడీపీ మీద యూట్యూబ్‌లో ఉన్న వీడియోలు ఎక్కువ శాతం నవలలు రాసేవాళ్ళకో, గీతల నోట్‌బుక్కులు అమ్మేవాళ్ళకో పనికొస్తాయి. ఫోటోలు, మ్యాపులు ఉన్న గైడ్ బుక్ సంగతి పూర్తిగా వేరు.

నాది అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ గైడ్. సమ్మర్‌లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తీసుకెళ్ళేవాళ్ళ కోసం రాసింది, ఇంగ్లీషులోనే రాశా, ఎందుకంటే మనవాళ్ళే కాదు తమిళులు, గుజరాతీలు, పంజాబీలు అందరికీ ఇదే అవసరం. ఎల్లోస్టోన్ మీద పుస్తకాలకేం తక్కువ లేదు, కొన్ని చాలా బాగుంటాయి కూడా, కానీ అవి నడవగలిగినవాళ్ళ కోసం రాసినవి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాళ్ళు ఏ చోట కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఏ చోట వాళ్ళని కిందే కూర్చోబెట్టి మనం వెళ్ళి రావాలి, బాత్రూమ్ ఎంత దూరం, నీడ ఉందా, ఇవి ఎవరూ ఓపిగ్గా రాయలేదు. పార్కులో కాన్యన్ అనే లోయ దగ్గరే చూడండి, 308 అడుగుల లోయర్ ఫాల్స్‌ని ఆర్టిస్ట్ పాయింట్ నుంచి వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు కూడా హాయిగా చూడొచ్చు, అదే జలపాతం అంచు దాకా దిగే దారి మాత్రం మెలికలు తిరుగుతూ 600 అడుగులు కిందకి పోతుంది, దిగేటప్పుడు ఏమీ అనిపించదు, మళ్ళీ ఎక్కాలి కదా. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే వేడినీటి బుగ్గ కూడా అంతే, చెక్క బోర్డ్‌వాక్ మీద నుంచి చూస్తే ఆవిరి, అంచుల్లో నారింజ రంగు తప్ప పెద్దగా కనపడదు, ఫోటోల్లో చూసే ఆ గుండ్రటి నీలం మొత్తం కనపడాలంటే ఫెయిరీ ఫాల్స్ పార్కింగ్ నుంచి 0.6 మైళ్ళు నడిచి 105 అడుగులు ఎక్కాలి. మా నాన్న లాంటివాళ్ళు మెల్లగా ఎక్కేస్తారు, అమ్మ లాంటివాళ్ళకి కష్టం. ఇలాంటి తేడాలు సొంత కాళ్ళతో నడిచి చూస్తేనే రాయగలం.

ఇక సర్వీస్ సంగతి. అకౌంట్ తెరవడం, బ్యాంకు, టాక్స్ వివరాలు నింపడం ఒక సాయంత్రం పని, పైసా కట్టక్కర్లేదు. పీడీఎఫ్ ఎక్కించాక 72 గంటల లోపు రివ్యూ చేస్తామంటారు, ఓకే అయితే అమ్మకానికి వస్తుంది, ఎవరైనా ఆర్డర్ ఇచ్చినప్పుడే ఒక కాపీ అచ్చవుతుంది. గరాజ్‌లో అట్టపెట్టెలు పేర్చుకునే పని లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు మాత్రం ఏదీ మొదలుపెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, రాయల్టీ వచ్చే పని వీసా రూల్స్‌లో ఎక్కడ పడుతుందో గ్రూపుల్లో తలా ఒక మాట చెప్తారు, ఆ మాటలు నమ్ముకుని దిగొద్దు.

ఇప్పుడు అసలు లెక్క. కేడీపీలో లోపల ఒక్క పేజీ కలర్ ఉన్నా పుస్తకం మొత్తానికి కలర్ రేటే పడుతుంది, ఎనిమిది పేజీలు కలర్ మిగతాది నలుపు తెలుపు అంటే కుదరదు. కలర్‌లో ప్రీమియం, స్టాండర్డ్ అని రెండు రకాలు. 2023లో మారిన అమెరికా రేట్లతో చెప్తా, ప్రీమియం అయితే కాపీకి ఒక డాలర్, దాని మీద పేజీకి ఆరున్నర సెంట్లు. 200 పేజీల పుస్తకం అచ్చుకే 14 డాలర్లు. ధర 25 డాలర్లు పెట్టారనుకోండి, అమెజాన్‌లో అమ్మితే మనకి 60 శాతం అంటే 15, అందులోంచి అచ్చు ఖర్చు 14 తీసేస్తే చేతికొచ్చేది ఒక్క డాలర్! అదే పుస్తకం స్టాండర్డ్ కలర్‌లో వేస్తే పేజీకి రెండున్నర సెంట్ల చుట్టూ పడుతుంది, అచ్చు ఆరు డాలర్లకి అటూ ఇటూ, తొమ్మిది దగ్గర మిగులుతుంది. రేట్లు మారుతూ ఉంటాయి, వాళ్ళ సైట్‌లోనే కాలిక్యులేటర్ ఉంది, మీరు మొదలుపెట్టే రోజు రేటు అందులో చూసుకోండి. సైజు కూడా చూసుకోవాలి, 6 బై 9 అంగుళాల దాకా మామూలు రేటు, అది దాటితే పెద్ద సైజు రేటు పడుతుంది, పైగా కారు గ్లవ్ బాక్స్‌లో పట్టని గైడ్ బుక్ ఎవరికి కావాలి.

అందుకే పేజీల లెక్క ముందు అంటున్నా. నేను స్టాండర్డ్ కలర్ తీసుకుని, పేజీ నిండా వేసే ఫోటోలు బాగా తగ్గించేశా. కాగితం కొంచెం పల్చగా ఉంటుంది, ఫోటోలు కాస్త వెలిసినట్టు వస్తాయి, కానీ మ్యాపులు, అక్షరాలు శుభ్రంగా ఉంటాయి. ఇది డ్రాయింగ్ రూమ్‌లో టీపాయ్ మీద పెట్టుకునే ఫోటోల పుస్తకం కాదు, డ్రైవ్ చేసేవాళ్ళ పక్కన కూర్చున్న మనిషి ఒళ్ళో పెట్టుకుని "ఇంకో రెండు మైళ్ళలో కుడి వైపు ఆగు, బాత్రూమ్ ఉంది" అని చదివి చెప్పే పుస్తకం. పార్కులో చాలా భాగం ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ పుస్తకమే దిక్కు. ఫోటో పనికొచ్చే చోట తప్పకుండా పెట్టా, ఉదాహరణకి బైసన్‌కీ (అక్కడి అడవిదున్న) మనకీ మధ్య 25 గజాలు, ఎలుగుబంటికీ తోడేలుకీ అయితే 100 గజాలు ఉండాలని రూలు, 25 గజాలంటే ఎంతో మాటల్లో చెప్తే పెద్దాళ్ళకి అర్థం కాదు, రెండు కార్ల పార్కింగ్ వరసల అవతల నిలబడ్డ బైసన్ ఫోటో ఒకటి వేస్తే వెంటనే తెలుస్తుంది.

ప్రూఫ్ కాపీ, అంటే సరిచూసుకోవడానికి అచ్చేసే నమూనా, తెప్పించుకోకుండా మాత్రం పబ్లిష్ బటన్ నొక్కకండి. ప్రూఫ్ అట్ట మీద అడ్డంగా ఒక పట్టీ వేసి నాట్ ఫర్ రీసేల్ అని ఉంటుంది, మనం అచ్చు ఖర్చు, షిప్పింగ్ పెట్టుకుంటే పంపిస్తారు. స్క్రీన్ మీద కళ్ళు చెదిరే గ్రాండ్ ప్రిస్మాటిక్ నీలం కాగితం మీదకొచ్చేసరికి అంత మెరవదు, ఇది ఏ ప్రెస్‌లో అయినా అంతే, స్క్రీన్ వెలుగుతో చూపించే రంగులన్నిటినీ నాలుగు సిరాలతో తేలేం. చుట్టూ ఉన్న నారింజ, పసుపు మాత్రం బాగా వస్తాయి. బైండింగ్ గమ్ముతో అతికించేదే, కాబట్టి పుస్తకం బల్ల మీద పెట్టి పూర్తిగా తెరిస్తే చదునుగా పడుకోదు, స్పైరల్ లేదు, మడత విప్పే మ్యాపు కూడా లేదు. నాకు మ్యాపు దగ్గర ఇదే పెద్ద పని పెట్టింది. పార్కు లోపల తిరిగే గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్ళు, ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది, దాన్ని రెండు పేజీలకి అడ్డంగా పరిస్తే నారిస్ నుంచి కాన్యన్‌కి వెళ్ళే మధ్య రోడ్డు దగ్గర కావలసిన పేర్లన్నీ బైండింగ్ మడతలోకి పోతాయి. అందుకని పై లూప్ ఒక పేజీ, కింద లూప్ ఇంకో పేజీ చేసి, ఆ మధ్య రోడ్డుని రెండిట్లోనూ వేశా. నిజానికి ఒక రోజు పై లూప్, ఒక రోజు కింద లూప్ అని ప్లాన్ చేసుకునేవాళ్ళకి ఇదే తేలిక.

మ్యాపుల విషయంలో మంచి మాట ఒకటి, నేషనల్ పార్క్ సర్వీస్ తయారుచేసిన మ్యాపులు, జియలాజికల్ సర్వే మ్యాపులు అమెరికా ఫెడరల్ ప్రభుత్వ పని కాబట్టి వాటికి కాపీరైట్ ఉండదు, ఆధారంగా తీసుకుని మన మ్యాపు మనం గీసుకోవచ్చు. కానీ పార్క్ సర్వీస్ బాణం ములికి ఆకారం లోగో మాత్రం అట్ట మీద వేసుకోకూడదు, దానికి విడిగా రక్షణ ఉంది. ఫోటోలకి కూడా ఇప్పుడు భయపడక్కర్లేదు, 2025 జనవరిలో వచ్చిన ఎక్స్‌ప్లోర్ యాక్ట్ ప్రకారం ఆరుగురు లోపు ఉండి, అందరూ తిరిగే చోట, ఎవరికీ అడ్డం రాకుండా తీసుకుంటే, అమ్ముకోవడానికైనా సరే పర్మిట్ అక్కర్లేదు. మనుషుల్ని డబ్బులు తీసుకుని తిప్పితే మాత్రం వేరే పర్మిట్ కావాలి, అది గైడ్ బుక్ పని కాదు, టూర్ గైడ్ పని.

కేడీపీకి నేను మనస్ఫూర్తిగా మార్కులు వేసేది అప్‌డేట్ దగ్గర. పార్కు ఒక్క ఏడాది కూడా అలాగే ఉండదు. 2022 జూన్‌లో వరదొచ్చి ఉత్తర ద్వారం దగ్గరున్న గార్డినర్ ఊరి నుంచి పార్కు లోపలి మామత్‌కి వెళ్ళే రోడ్డు చాలా చోట్ల నదిలోకి కొట్టుకుపోయింది, పాత గుర్రబ్బండ్ల దారిని బాగుచేసి అక్టోబర్ చివరికి గానీ ఆ ద్వారం నుంచి మామూలు కార్లని వదల్లేదు. 2024 జూలై 23న బిస్కెట్ బేసిన్‌లో వేడినీటి పేలుడు జరిగి బోర్డ్‌వాక్ దెబ్బతింది, ఆ చోటు మూసేశారు. వేల కాపీలు ఒకేసారి అచ్చేసుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు ఏం చేస్తారు, లోపల ఒక చీటీ పెట్టి అమ్ముకోవాలి. మనకి ఆ బాధ లేదు, ఫైలు మార్చి ఎక్కిస్తే అది ఓకే అయిన దగ్గర్నుంచి వచ్చే ఆర్డర్లన్నీ కొత్త ఫైలుతోనే అచ్చవుతాయి.

మన కుటుంబాలకి అన్నిటికంటే పెద్ద మార్పు ఎంట్రీ ఫీజుది. 2025 నవంబర్‌లో ప్రకటించి 2026 జనవరి 1 నుంచి అమలు చేశారు, అమెరికాలో నివాసం లేనివాళ్ళకి వార్షిక పాస్ 250 డాలర్లు, ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకి 80 డాలర్లే, పాస్ లేకుండా వచ్చే 16 ఏళ్ళు, ఆపైన విదేశీయులకి ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ లాంటి 11 పార్కుల్లో మామూలు ఫీజు మీద మనిషికి 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు ట్రిప్ బడ్జెట్ వేసుకునేటప్పుడే చూసుకోవాల్సిన సంగతి ఇది. కొత్త పేజీ కలపకుండా ఉన్న అరపేజీలోనే ఇది పట్టేలా తిరగరాశా, ఎందుకంటే పేజీలు పెరిగితే అచ్చు ఖర్చుతో పాటు వెనక వెన్ను మందం మారుతుంది, అట్ట మళ్ళీ డిజైన్ చేయాలి. పుస్తకం సైజు, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబర్) లాంటివి ఒకసారి పబ్లిష్ అయ్యాక మార్చనివ్వరు, అవి ముందే తేల్చుకోండి.

ఐఎస్‌బీఎన్ అన్నా కదా, కేడీపీ ఉచితంగా ఇస్తుంది, కానీ దాన్ని ఇంకెక్కడా వాడకూడదు, పబ్లిషర్ పేరు దగ్గర ఇండిపెండెంట్లీ పబ్లిష్డ్ అని పడుతుంది. అమెరికాలో సొంతంగా కొనుక్కుంటే ఆ నంబర్లు ఇచ్చే బోకర్ అనే కంపెనీ దగ్గర ఒకటి 125 డాలర్లు, పది కలిపి 295. ఒక్క పార్కు రాసి ఆగిపోయే ఉద్దేశం లేకపోతే పది తీసుకోవడమే నయం. సొంత నంబర్ ఉంటే అదే పుస్తకాన్ని ఇంగ్రామ్‌స్పార్క్ అనే ఇంకో అచ్చు, పంపిణీ సర్వీస్‌లో కూడా పెట్టొచ్చు, పుస్తకాల షాపులవాళ్ళు ఎక్కువగా ఆర్డర్ పెట్టేది ఆ దారిలోనే.

షాపుల దగ్గర కేడీపీ ఒక్కదానితో పని జరగదు, ఇది గట్టిగా చెప్పాలి. కేడీపీలో అమెజాన్ బయటి షాపులకి పుస్తకం అందించే ఎక్స్‌పాండెడ్ డిస్ట్రిబ్యూషన్ అని ఒకటి ఉంది, అందులో మనకి 40 శాతమే, 25 డాలర్ల పుస్తకానికి 10, పైన చెప్పిన ప్రీమియం లెక్కలో అచ్చు ఖర్చే 14, అంటే ఆ ధర పెట్టనే పెట్టనివ్వదు. షాపులవాళ్ళకేమో కనీసం 40 శాతం డిస్కౌంట్ కావాలి, అమ్ముడుపోకపోతే తిరిగి తీసుకోవాలి. విజిటర్ సెంటర్లలో ఉండే పుస్తకాల షాపులు ఎల్లోస్టోన్ ఫరెవర్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది, ఇలాంటి షాపుల్లోకి పుస్తకం రావాలంటే పార్కువాళ్ళు కూడా చూసి సరే అనాలి, అందులో ఉన్న ప్రతి దూరం, ప్రతి రూలు కరెక్ట్‌గా ఉండాలి. అలా ఉండటమే న్యాయం కూడా. పార్కు బయట ఊళ్ళలో మాత్రం, వెస్ట్ ఎల్లోస్టోన్, గార్డినర్, కోడీ లాంటి చోట్ల, సొంత షాపులవాళ్ళతో నేరుగా మాట్లాడుకోవచ్చు. ఒక షాపాయన నా పుస్తకం చేతిలోకి తీసుకుని లోపల చూడనేలేదు, ముందు వెన్ను మీద పేరు చదవడానికి వస్తోందా అని షెల్ఫ్‌లో నిలబెట్టి చూశాడు, తర్వాత తిప్పి వెనక ధర ప్రింట్ అయి ఉందా అని చూశాడు, ఆ తర్వాతే పేజీలు తిప్పాడు. కాబట్టి వెన్ను మీద అక్షరాలు లావుగా ఉంచండి, కేడీపీలో 79 పేజీలు దాటితేనే వెన్ను మీద పేరు వేయనిస్తారు, వెనక అట్ట మీద ధర మీరే డిజైన్‌లో పెట్టుకోండి. మన కాపీలు మనం అచ్చు ఖర్చుకే తెప్పించుకోవచ్చు, ఆ షాపుకి ఇచ్చినవి అలా తెప్పించినవే.

ఈ పద్ధతి కొత్తదేం కాదు లెండి. 1880ల్లోనే ఫ్రాంక్ జే హేన్స్ అనే ఫొటోగ్రాఫర్ ఎల్లోస్టోన్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నాడు, సొంతంగా గైడ్లు వేసి వచ్చినవాళ్ళకి అమ్మాడు, ఆయన కొడుకు జాక్ దశాబ్దాల పాటు వాటిని సరిచేస్తూ నడిపించాడు. పార్కు పక్కనే బతికి, ఏటేటా చూసి, ఏటేటా దిద్దటం, గైడ్ బుక్ అంటే నా దృష్టిలో అదే.

అందుకే ఏఐతో ఒక్క పూటలో తయారుచేసి పడేసే గైడ్ బుక్కులంటే నాకు మండుతుంది. 2023లో అమెజాన్ నిండా అలాంటివి వచ్చిపడ్డాయని పెద్ద పత్రికలే రాశాయి, ఆ ఏడు సెప్టెంబర్‌లోనే కేడీపీ రోజుకి మూడు కొత్త పుస్తకాలకి మించి పెట్టకూడదని, ఏఐతో తయారైన కంటెంట్ ఉంటే వాళ్ళకి తెలియజేయాలని రూలు పెట్టింది. మంచి పనే, కానీ ఆ తెలియజేసింది కొనేవాళ్ళకి కనపడదు. కొనే ముందు శాంపిల్ పేజీలు తెరిచి చూడండి, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట (గీజర్) అద్భుతం అమోఘం అని రాసి ఊరుకుంటే వదిలేయండి. సుమారు గంటన్నరకోసారి పైకి చిమ్ముతుంది, తర్వాత ఎప్పుడు చిమ్ముతుందో విజిటర్ సెంటర్‌లో టైము పెడతారు, అది పది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, బెంచీలు ముందే నిండిపోతాయి కాబట్టి పెద్దాళ్ళని తొందరగా కూర్చోబెట్టండి, ఇలా ఉంటే అది వెళ్ళి చూసినవాళ్ళు రాసింది. అక్కడ ఎత్తు 7,300 అడుగులు దాటుతుంది, నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకుండా గిన్నెలో పెట్టిన అన్నం ఉడకడానికి మామూలు కంటే ఎక్కువ సేపు పడుతుంది, ఇది నా పుస్తకంలో ఉంది. ఆవకాయ సీసా, కూలర్, ఖాళీ గిన్నెలు కూడా క్యాంప్ బల్ల మీద వదలకుండా కారులో పెట్టి తలుపులు వేయాలి, ఎలుగుబంట్ల వల్ల ఆ రూలు అని కూడా ఉంది. చాలామంది మెసేజ్ పెట్టింది ఈ రెండు పేజీల గురించే.

ఈ-బుక్ కూడా పెట్టా కానీ ఫోటోల పుస్తకానికి అక్కడ ఇంకో లెక్క ఉంది. 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధరకి 70 శాతం రాయల్టీ అంటారు, కానీ అమెరికాలో ఫైలు సైజుని బట్టి ఎంబీకి 15 సెంట్లు డెలివరీ ఖర్చు ముందే తీసేస్తారు. 30 ఎంబీ ఫైలు అయితే 4.50 పోతుంది, 9.99లో మిగిలిన దాని మీద 70 శాతం అంటే 3.84. అదే 35 శాతం ప్లాన్‌లో డెలివరీ ఖర్చు లేదు, 3.50 వస్తుంది. అంటే ఫైలు ఇంకొంచెం బరువైతే 35 శాతమే లాభం. ఫోటోలు కుదించి పెట్టుకోండి, చాలా కిండిల్స్‌లో ఎలాగూ నలుపు తెలుపే కనపడుతుంది.

ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్ అడుగుతున్నారు, పాపికొండల నేషనల్ పార్క్ మీదో, తిరుపతి దగ్గర శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ మీదో ఇలా వేసుకోవచ్చా అని. తప్పకుండా వేయండి, అసలు మన పార్కుల మీద తెలుగులో జేబులో పెట్టుకునే గైడ్ రావాలని నాకు ఎంతో ఉంది, కానీ కేడీపీ పేపర్‌బ్యాక్ ఇండియా సైట్‌లో అచ్చు వేసి అమ్మదు, మీకు పోథీ, నోషన్ ప్రెస్ లాంటి సొంతంగా పుస్తకం వేసుకునే సర్వీసులు ఉన్నాయి, లేదా విజయవాడ, హైదరాబాద్ ప్రెస్సుల్లో ఐదారొందల కాపీలు వేయించుకోవచ్చు. ఒక విషయంలో మీరే అదృష్టవంతులు, ఐఎస్‌బీఎన్ అక్కడ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది.

చివరగా టైమింగ్. ఎల్లోస్టోన్ లోపలి రోడ్లు చాలావరకు ఏప్రిల్ మూడో వారం నుంచి మే చివరి లోపు ఒక్కొక్కటిగా తెరుస్తారు, జనం గైడ్ బుక్ కొనేది అంతకంటే ముందు, టికెట్లు, రూములు బుక్ చేసుకునేటప్పుడు. కాబట్టి ప్రూఫ్ జనవరిలో మీ చేతిలో ఉండేలా చూసుకోండి, దిద్దుబాట్లకి ఒక నెల, ఇంకోసారి ప్రూఫ్ తెప్పించుకోవడానికి రెండు వారాలు పెట్టుకున్నా మార్చికల్లా అమ్మకంలో ఉంటుంది. జూన్‌లో పెడితే ఆ సీజన్ పోయినట్టే.